అద్దానికి అంటాలి, అడిగితే ఊడాలి

కారు అద్దానికి తగిలించే కెమెరాను గురించి వ్రాయమని పద్మానగర్ నుండి ఇద్దరు, కామత్‌ఘర్ నుండి ఒకరు మమ్ము అడిగి మూడు నెలలు దాటింది. ఏది కొనవలెనని వారి ప్రశ్న. అది చెప్పడం మా వల్ల కాదు. నెలకొక కొత్త రకం వస్తున్నది. మేము వ్రాసి, అది అచ్చయి, మీ గడప చేరేలోగా పాతదవుతుంది. కాని కొన్నదానిని అద్దానికి ఎట్లా నిలపాలి, నిలిపినదానిని మళ్లీ ఎట్లా ఊడదీయాలి అన్నది మాత్రం మేము చేతులు కాల్చుకొని నేర్చుకొన్న సంగతి. అమ్మేవాడు ఆ సంగతి చెప్పడు. బొమ్మ ఎంత తేటగా వస్తుందో చూపించి పంపుతాడు.

ఊడదీయడం ఎందుకు, ఒకసారి పెట్టి వదిలేస్తే పోదా అని అడిగేవారున్నారు. మా ఇంటి సంగతి చెబితే తెలుస్తుంది. మాకొక పాత కారు ఉన్నది. మా మేనల్లుడికి ఒక చిన్న టెంపో ఉన్నది. సాంచెల కార్ఖానాలనుండి గ్రే గుడ్డ తాకాలు ఎత్తుకొని గోదాములకు చేరుస్తాడు. వచ్చేటప్పుడు నూలు బస్తాలు తెస్తాడు. కారు వారానికి రెండు రోజులు కదిలితే గొప్ప. టెంపో పొద్దుటినుండి రాత్రి దాకా తిరుగుతూనే ఉంటుంది. రెండింటికీ రెండు కెమెరాలు కొనే తాహతు అప్పుడు లేదు. 4 వేలు పెట్టి ఒక్కటే కొన్నాము. ఏ బండి బయలుదేరితే ఆ బండికి పెట్టుకోవచ్చునని మా లెక్క.

భివండి రోడ్ల మీద కెమెరా ఎందుకో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. గుంతను తప్పించబోయి పక్కకు జరిగే రిక్షా, గోదాములకు పోయే పొడుగు లారీలు, ఎదురు దిక్కున వచ్చే మోటారు సైకిళ్లు, ఏదైన తగిలితే నిమిషంలో చేరే గుంపు. ఇది మన ఊరి కష్టమే కాదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ అనే ఊరి మీద ఆకాశంలో ఉల్క పేలినప్పుడు ఆ వెలుగును లోకమంతా చూడగలిగింది. దానిని బొమ్మ తీసినవారిలో చాలమంది పొద్దున్నే పనికి పోతున్న కార్లవాళ్లు. తప్పుడు ప్రమాదాలు కల్పించి డబ్బు గుంజేవారి బాధకు తాళలేక అక్కడివారు అప్పటికే బండికొక కెమెరా తగిలించుకొని తిరుగుతున్నారు. ఉల్క వారికి ఉచితంగా దొరికింది.

ఇక మా ఉల్క సంగతి. 2024 మే నెల. మేనల్లుడు మధ్యాహ్నం టెంపోను ఒక కార్ఖానా ముందు ఎండలో నిలిపి తాకాలు ఎక్కించుకొని వచ్చేసరికి, అద్దానికి ఉండవలసిన కెమెరా కాళ్ల దగ్గర పడి ఉన్నది. మళ్లీ అంటించబోతే అంటలేదు. గోదాము మూసే వేళ అవుతున్నది. దానిని ఎదుటి డబ్బాలో వేసి మూత మూసినాడు. ఆ సాయంత్రమే అంజూర్ ఫాటా దగ్గర ఎదురు దిక్కున వచ్చిన మోటారు సైకిలు ఒకటి టెంపో మూలకు తగిలి పడింది. నడిపే కుర్రవాని చీలమండ విరిగింది. గుంపు చేరింది. గుంపు దృష్టిలో తప్పెప్పుడూ పెద్ద బండిదే. నా బండికి కెమెరా ఉన్నదని మేనల్లుడు అన్నాడట; డబ్బాలోనుండి దానిని తీయగా చూసి నవ్వినవారు కూడ ఉన్నారట. చివరకు ఆసుపత్రి ఖర్చు కింద 22 వేలు ఇచ్చి రాజీపడినాము. కుర్రవాడు పడ్డ బాధ నిజమే, దానిని మేము కాదనము.

డబ్బు సంగతి అట్లా ఉండనివ్వండి. ఆ రాత్రి అన్నాల దగ్గర మేము వానిని ఒక మాట అడిగినాము: "నిజం చెప్పు, ఫోను చూస్తున్నావా?" వాడు అవుననలేదు, కాదనలేదు. "నువ్వు గూడ అడుగుతున్నవా మామా" అని కంచం ముందునుండి లేచి పోయినాడు. పదేండ్ల వయసునుండి మా ఇంట్లో పెరిగినవాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన వస్తువు డబ్బాలో పడి ఉండిపోయింది.

ఆనాటి కెమెరా రబ్బరు చిప్పతో నిలిచేది. దుకాణాలలో సక్షన్ కప్పు అంటారు. అద్దానికి నొక్కి మీట తిప్పితే చిప్ప లోపలి గాలి పలచబడుతుంది. అప్పుడు దానిని పట్టి ఉంచేది రబ్బరు కాదు, బయటి గాలి. గాలి మనలను ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో బలంతో నొక్కుతూ ఉంటుంది. 5 సెంటీమీటర్ల అడ్డుకొలత గల చిప్ప లోపల గాలి బొత్తిగా లేకుండా చేయగలిగితే దానిని లాగడానికి దాదాపు 20 కిలోల బలం కావాలి. పదిహేడవ శతాబ్దంలో జర్మనీవాడైన ఆటో ఫాన్ గెరికె రెండు లోహపు అర్ధగోళాలను మూతికి మూతి చేర్చి, లోపలి గాలిని తోడివేసి, ఇరుపక్కల గుర్రాల జట్లను కట్టి లాగించినాడు. గుర్రాలు విడదీయలేకపోయినవి. గుర్రాలకు లొంగని గాలిపట్టు మా మేనల్లుని 100 గ్రాముల కెమెరాను మోయలేక వదిలేసింది.

కారణం వెతికితే ఒకటి మన ఊరి గాలిలోనే ఉన్నది. సాంచెల షెడ్డు పక్కన నిలిపిన బండి అద్దం మీద, లోపలివైపు కూడ, నూలు నలుసు సన్నగా పేరుతుంది. చిప్ప అంచు కింద వెంట్రుకంత పోగు ఒకటి చిక్కుకొంటే చాలు, దాని పక్కనుండి బయటి గాలి మెల్లమెల్లగా లోపలికి దూరుతుంది. ఒక గంటలో తెలియదు, ఒక పూటలో తెలుస్తుంది. రెండవ కారణం ఎండ. అమెరికాలో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంవారు 2018లో ప్రకటించిన ఒక పరీక్షలో, బయట 38 డిగ్రీలు దాటిన దినాలలో ఎండన నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డు ఒక్క గంటలో సగటున 69 డిగ్రీలకు చేరింది. మన మే నెల దానికి చెల్లెలే. ఆ వేడికి చిప్పలో మిగిలిన గాలి ఉబ్బుతుంది, రబ్బరు మెత్తబడుతుంది. అట్లా కొన్ని నెలలు గడిస్తే అదే రబ్బరు గట్టిపడి అంచు వంకర తిరుగుతుంది.

చిప్పనే వాడుకొనేవారు ఇట్లా చేయవచ్చు. వారానికొకసారి దానిని గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఉమ్మి తడిపి అంటించవద్దు. అది పిల్లల పని, ఆరగానే వదిలిపోతుంది. అద్దం పై అంచున నల్ల పట్టీ, దాని కింద నల్ల చుక్కలు ఉంటవి గదా, ఆ చుక్కల మీద అసలే వద్దు. చేతితో తడిమితే గరుకుగా తగులుతవి. గరుకు ఉన్నచోట గాలికి దారి ఉన్నట్టే. బండి ఎండలో నిలిచినప్పుడు మీట వదిలి కెమెరాను తీసివేయడం మేలు. ఇన్ని చేసినా, రోజూ పన్నెండు గంటలు గుంతలలో తిరిగే టెంపోకు అది నమ్మదగిన పట్టు కాదని మా అభిప్రాయం. ఆదివారం కారుకు చాలు.

దాని తరువాత ఇంట్లో ఒక ఉపాయం పుట్టింది. మా ఇంటావిడ గ్రే గుడ్డతో చిన్న సంచి కుట్టి, కిలోన్నర ఇసుక నింపి, పైన కెమెరాను బిగించి డ్యాష్‌బోర్డు మీద కూర్చోబెట్టింది. చూడ ముచ్చటగానే ఉన్నది, తీయడం కూడ క్షణంలో పని. కల్యాణ్ నాకా దగ్గర ఒక్కసారి గట్టిగా బ్రేకు తొక్కేసరికి సంచి వచ్చి మా ఒడిలో పడింది. ఒడిలో పడినందుకు సంతోషించాలి. 2021 తరువాత వచ్చిన కొత్త కార్లలో ఎడమపక్క కూర్చొనేవారి ఎదుట, డ్యాష్‌బోర్డు లోపలే గాలిసంచి దాచి ఉంటుంది. ప్రమాదంలో అది కన్నుమూసి తెరిచేలోగా పగిలి వస్తుంది. దాని మూత మీద కిలోన్నర బరువు పెట్టడమంటే ఎదుటివారి ముఖానికి గురిపెట్టడమే. ఆవిడే ఆ సంచి విప్పి ఇసుకను తులసికోటలో పోసింది.

మూడవది టేపు. రెండువైపులా అంటుకొనే నురుగు టేపు. 3ఎం కంపెనీ వీహెచ్‌బీ వంటివి ఈ పనికి పేరున్నవి. దీని స్వభావం తెలియక చాలమంది చెడగొట్టుకొంటారు. అంటించగానే కెమెరా తగిలించి బండి తీసుకపోతే అది పట్టదు. అద్దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమంగా కలిపి తుడవాలి. కరోనా కాలంనుండి ఇంట్లో మిగిలిన చేతుల సానిటైజర్ పనికిరాదు, అందులోని గ్లిజరిన్ అద్దం మీద జిడ్డుగా నిలుస్తుంది. తుడిచి, ఆరనిచ్చి, టేపును వేలితో గట్టిగా నొక్కి వదిలేయాలి. మొదటి 20 నిమిషాలలో దాని బలం సగం వస్తుంది. నిండు బలం రావడానికి 72 గంటలు, అనగా మూడు దినాలు పడుతుంది. మూడు దినాలు బరువు మోపకుండా ఓర్చుకొన్నవారికి అది ఏండ్లు నిలుస్తుంది.

నిలవడం సరే. మేము ఓర్చుకొన్నాము, నిలిచింది. తీరా చూస్తే కెమెరాను అద్దానికి మరీ కిందుగా పెట్టినాము. నడిపేవారి చూపుకు అడ్డం వస్తున్నది. ఊడదీయబోతే రాలేదు. గుంజితే అద్దమే పగిలేట్టున్నది. గడ్డం గీసుకొనే బ్లేడు తెచ్చి టేపు కిందికి దూర్చబోతుండగా, పక్క షెడ్డులో సాంచెలు బాగుచేసే జాబరు ఒకాయన చేయి పట్టుకొని ఆపినాడు.

"అన్నా, బ్లేడు పెట్టకు, అద్దం గీరుకపోతది. జర ఆగు, పోగు తెస్త."

పాలిస్టరు పోగులు నాలుగు తెచ్చి, తొడ మీద పేని, మూరెడు దారం చేసినాడు. బండిని అరగంట ఎండలో ఉంచమన్నాడు. తరువాత దారం రెండు కొసలను వేళ్లకు చుట్టుకొని, అద్దానికీ కెమెరా పీటకూ నడుమ టేపు వెనకకు దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగినాడు. నురుగు మెత్తబడి ఉన్నది గనుక దారం వెన్నలోకి దిగినట్టు దిగింది. రెండు నిమిషాలలో పీట చేతిలోకి వచ్చింది. అద్దం మీద మిగిలిన జిగురును వేలితో దొర్లించి ఉండలు చేసి తీసినాడు. పోనిదానికి ఒక చుక్క నీలగిరి తైలం రాసి, పది నిమిషాలకు సబ్బునీళ్లతో కడగమన్నాడు. చిప్పను చెడగొట్టిన ఎండే టేపును వదిలించింది. పోగుల ఊళ్లో ఇన్నేండ్లుండి ఈ పని మాకు తోచనందుకు కొంచెం సిగ్గుపడినాము. పోగు లేనివారు చేపల గాలానికి కట్టే నైలాను దారం వాడవచ్చు. ఎండ లేని వానకాలంలో జుట్టు ఆరబెట్టుకొనే డ్రయరు చాలు.

ఆ జాబరే పోతూ పోతూ మరొక మాట అన్నాడు. నాడె రోజుకు ఎన్నిసార్లో తీసి పెడతాము గాని, అందుకని సాంచెను నేలనుండి పెరుకుతామా అని. అక్కడ మా బుద్ధికి తట్టింది. రోజూ ఊడవలసినది కెమెరా మాత్రమే, జిగురు కాదు. జిగురును రోజూ ఊడదీసే ఉపాయం కోసం మేము ఏడాదిగా వెతుకుతున్నాము!

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. కెమెరాకు విడిగా దొరికే పీట ఇంకొకటి కొన్నాము. కారు అద్దానికి ఒక పీట, టెంపో అద్దానికి ఒక పీట. ఛార్జింగు తీగ కూడ రెండు. కెమెరా పీటలోకి జారి టక్కున కూర్చుంటుంది, వేలితో నొక్కి జార్చితే బయటికి వస్తుంది. అయస్కాంతంతో అంటుకొనే రకాలు కూడ ఉన్నవి. వాటిలో కొన్నింటికి కరెంటు పీటనుండే అందుతుంది గనుక తీగ పీకే పని కూడ ఉండదు. కొనబోయేవారు కెమెరా కంటె ముందు దాని పీట విడిగా దొరుకుతుందా అని అడగండి. దొరకదంటే ఎంత చవకైనా వదిలేయండి.

పీటకూ అద్దానికీ నడుమ ఒక పలచని పారదర్శకపు పొర వేసినాము. స్టాటిక్ ఫిల్మ్ అని అమ్ముతారు. జిగురు ఉండదు, శుభ్రమైన అద్దానికి తనంతట తానే అంటుకొంటుంది. దానిని అద్దానికి పరచి, పాత రేషను కార్డు అట్ట అంచుతో బుడగలన్నీ బయటికి తోసి, పొర నడుమ టేపు పీటను అంటించాలి. పొర అంచులు చుట్టూ కొంచెమైనా బయటికి ఉండాలి. టేపు పట్టేది పొరను, అద్దాన్ని కాదు. ఎప్పుడైన బండి అమ్మవలసివస్తే పొర మూల గోటితో ఎత్తి లాగితే పీటతో సహా వచ్చేస్తుంది, అద్దం మీద మరక ఉండదు. నలుసు ఒక్కటి కింద చిక్కినా బుడగ నిలుస్తుంది గనుక ఈ పనిని షెడ్డు పక్కన చేయవద్దు. మేము టెంపోను వరాలదేవి చెరువు గట్టు దాకా తీసుకపోయి చేసినాము.

పీట స్థలం అద్దాల నడుమ ఉండే చూపుటద్దం వెనక, కొంచెం ఎడమపక్కగా ఉండాలి. వానకాలంలో వైపరు తుడిచే మేరలోనే ఉండాలి, లేకుంటే జూన్ నుండి మీ కెమెరా నీటిచుక్కలనే బొమ్మ తీస్తుంది. తీగను పైకప్పు అంచున దూర్చి పక్కనుండి దించండి. కెమెరా దగ్గర బెత్తెడు వదులు ఉంచండి.

కెమెరా చేతిలోకి రావడం ఎందుకు ముఖ్యమో ఇంకొక సంగతి. ఈ కెమెరాలు కార్డు నిండగానే పాత బొమ్మల మీద కొత్తవి వ్రాసుకొంటూ పోతవి. మామూలు రకం గంటకు సుమారు 6, 7 జీబీ మింగుతుంది; 32 జీబీ కార్డు అయితే అయిదు గంటలలో మొదటికి వస్తుంది. ప్రమాదమైన తరువాత బండి పోలీసు స్టేషనుకు, అక్కడినుండి ఆసుపత్రికి తిరుగుతుంటే, కావలసిన ముక్క దాని మీదనే చెరిగిపోవచ్చు. వెంటనే తీసి జేబులో వేసుకోవాలి.

న్యాయస్థానం సంగతి కూడ ఉన్నది. మన రాష్ట్రపు జాల్నా శాసనసభ ఎన్నిక తగాదా ఒకటి సుప్రీం కోర్టు దాకా పోయింది. అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసు అంటారు. 2020 జులైలో తీర్పు వచ్చింది. వీడియో నకలును సాక్ష్యంగా ఇస్తే దానికి చట్టం చెప్పిన సర్టిఫికెట్ జతచేయాలనీ, అసలు పరికరాన్ని దాని యజమానే తెచ్చి, అది తనదని సాక్ష్యం చెబితే ఆ సర్టిఫికెట్ అక్కరలేదనీ అందులో చెప్పినారు. 2024 జులై 1 నుండి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. నకలుకు సర్టిఫికెట్ ఇప్పుడూ కావాలి, అందులో నిపుణుని సంతకం కూడ చేరింది. కనుక అట్లాంటి ముక్క ఏదైన దొరికితే ఫోనులోకి ఎక్కించుకొన్నాము గదా అని కార్డును చెరపవద్దు. కెమెరాను, కార్డును అట్లాగే దాచి వకీలుకు చూపండి. అద్దానికి అంటుకపోయిన కెమెరాను దాచడానికి బండినే దాచవలసివస్తుంది!

2024 దసరాకు కెమెరాను కారుకు మార్చుకొని ఊరికి బయలుదేరినాము. మన ముంగిట మొదలయ్యే 61వ నంబరు జాతీయ రహదారి మురబాడ్, మాల్షేజ్ కనుమ, పర్భణి, నాందేడ్ మీదుగా నిర్మల్ చేరుతుంది. మాల్షేజ్ మలుపులలో, కనుమ దాటిన తరువాతి గుంతలలో పీట కదలలేదు. దారిలో అన్నానికి ఆగినప్పుడల్లా కెమెరాను తీసి చేతిసంచిలో వేసుకొన్నాము. ఎండకు దానిలోని చిన్న బ్యాటరీ ఉబ్బుతుందని భయం. బ్యాటరీకి బదులు కెపాసిటర్ ఉన్న రకం ఎండకు ఎక్కువ ఓర్చుకొంటుంది. ఈసారి కొంటే అదే కొంటాము.

మేనల్లుడు ఆ రాత్రి మాట మళ్లీ ఎత్తలేదు. మేము మాత్రం ఒకసారి ఎత్తి, అడిగినది తప్పేనన్నాము. "పోనీ తియ్యి మామా" అన్నాడు. ఇప్పుడు ఏ వేళకు ఇంటికి వచ్చినా టెంపో తాళంచెవితో పాటు కెమెరాను కూడ తెచ్చి మా గూట్లో పెట్టి పోతాడు. అందులో ఏమున్నదో మేము ఇంతవరకు తెరచి చూడలేదు. నెలకొకసారి కార్డు ఖాళీ చేసేది కూడ వాడే.